మూడు రోజుల శిక్షణతో జవాను బిడ్డను ఎవరు చూసుకోగలరు?

సైన్యంలో కొడుకున్న ఇల్లు సిద్దిపేట పల్లెల్లో అరుదేమీ కాదు. గోడ మీద యూనిఫాంలో ఉన్న ఫొటో, దాని కింద క్యాలెండర్, క్యాలెండర్‌లో సెలవు తేదీల చుట్టూ గీసిన గుండ్రాలు. ఇంటాయన ఫీల్డ్ పోస్టింగ్‌లో సరిహద్దు దగ్గర ఉంటాడు. అక్కడికి భార్యాబిడ్డలను తీసుకుపోయే వీలుండదు. ఆమె అత్తగారింట్లోనో తల్లిగారింట్లోనో ఉంటుంది. మూడేళ్లు నిండిన బిడ్డ పొద్దున్నే ఊళ్లోని అంగన్‌వాడీకి నడుస్తుంది. ఆ బిడ్డకు తన ఇంటివాళ్లు కాని మొదటి పెద్ద మనిషి ఆ అంగన్‌వాడీ టీచరే. నాయిన ఎప్పుడొస్తాడని అడిగినా, రాత్రి పీడకల వచ్చి పొద్దున ముభావంగా కూర్చున్నా, ముందుగా గమనించాల్సింది ఆమె. ఆమెను అందుకు మనం సిద్ధపరిచామా?

సైనిక కుటుంబాల పిల్లల కోసం సైన్యానికి సొంత ఏర్పాట్లు లేకపోలేదు. 1983లో ఏర్పడిన ఆర్మీ వెల్ఫేర్ ఎడ్యుకేషన్ సొసైటీ దేశమంతటా ఆర్మీ పబ్లిక్ స్కూళ్లను నడుపుతోంది. మన దగ్గర గోల్కొండ, ఆర్.కె.పురం, బొల్లారంలలో అవి ఉన్నాయి. కంటోన్మెంట్లలో చిన్న పిల్లలకు ఆర్మీ ప్రీ ప్రైమరీ స్కూళ్లు కూడా ఉన్నాయి. కానీ అవన్నీ కంటోన్మెంట్ గేటు లోపలి సంగతి. రాజీవ్ రహదారి మీద వంద కిలోమీటర్ల దూరంలో, దుబ్బాక దగ్గరో హుస్నాబాద్ దగ్గరో అత్తమామలతో ఉంటున్న జవాను భార్యకు సికింద్రాబాద్ ప్రీ ప్రైమరీ ఏ విధంగా అక్కరకొస్తుంది? ఆమెకు ఉన్నవి రెండే దారులు. ఊళ్లోని అంగన్‌వాడీ, లేదా పసుపు బస్సు ఎక్కించి పంపే ప్రైవేటు ఎల్.కె.జి. అందుచేత సైనికుల పిల్లలకు మంచి పూర్వ ప్రాథమిక విద్య అనే ప్రశ్న, చివరికి అంగన్‌వాడీ టీచరు శిక్షణ ప్రశ్నగానే మారుతుంది.

1975 అక్టోబరు 2న ఐ.సి.డి.ఎస్. మొదలైననాడు అంగన్‌వాడీ ప్రధానంగా పోషకాహారం కోసం, టీకాల కోసం. ఆటపాటలు కూడా పథకంలో ఉన్నాయి గానీ జనం దాన్ని గుడ్లు, బాలామృతం ఇచ్చే చోటుగానే చూశారు. 2020 జాతీయ విద్యా విధానం ఆ లెక్కను మార్చింది. మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా ఆరేళ్లలోపే జరుగుతుందని చెప్పి, మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల వరకు ఒకే పునాది దశగా నిర్ణయించింది. అంతటితో ఆగక టీచర్ల శిక్షణకు కొలత కూడా చెప్పింది. ఇంటర్, అంతకంటే ఎక్కువ చదివిన అంగన్‌వాడీ టీచర్లకు ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సు, తక్కువ చదివినవారికి ఏడాది డిప్లొమా. పని మానకుండానే ఫోన్ ద్వారా, టీవీ ద్వారా నేర్చుకోవచ్చు, నెలకు కనీసం ఒకసారైనా ముఖాముఖి తరగతి ఉండాలి అంది. ఇది మంచి మాట. కాగితం మీద ఇంతకంటే కోరుకోవాల్సింది పెద్దగా లేదు.

ఆచరణకు వచ్చేసరికి 2023 మే నెలలో కేంద్రం 'పోషణ్ భీ పఢాయీ భీ' అనే కార్యక్రమం మొదలుపెట్టింది. 2024లో 'ఆధార్‌శిల' పేరుతో మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు పాఠ్య ప్రణాళిక విడుదల చేసింది. ఆ ప్రణాళికను చూసినవారెవరూ దాన్ని తప్పుపట్టలేరు. ఆట ద్వారా నేర్పాలి, ఇంటి భాషలో నేర్పాలి, వారం వారం ఏం చేయాలో టీచరుకు స్పష్టంగా చెప్పాలి అన్న ఆలోచన అందులో ఉంది. అయితే దీన్ని అందిపుచ్చుకోవడానికి టీచరుకు ఇచ్చిన ముఖాముఖి శిక్షణ మూడు రోజులు. ఆరు నెలలని రాసిన చోట మూడు రోజులు! మొదటి రోజు పరిచయాలు, ప్రసంగాలు, రెండో రోజు పోషణ, మూడో రోజు మధ్యాహ్నానికి బస్సు టైము. మన సంఘాల్లో వి.బి.ఎస్. టీచర్లకు పెట్టే శిక్షణ ఎంత కాలం ఉంటుందో, ఎలా జరుగుతుందో తెలిసినవారికి ఈ చిత్రం కొత్త కాదు.

తెలంగాణలో సుమారు 35,700 అంగన్‌వాడీ కేంద్రాలున్నాయి. రాష్ట్రం ఈ మహిళలను 'కార్యకర్త' అనకుండా 'టీచర్' అని పిలుస్తోంది. గౌరవమైన మార్పు. 2021 నుంచి వారికి 13,650 రూపాయలు, ఆయాలకు 7,800 రూపాయలు నెలకు ఇస్తున్నారు. కేంద్రం 2018లో టీచరుకు నిర్ణయించిన 4,500 రూపాయలతో పోలిస్తే రాష్ట్రం చాలా కలిపిందని ఒప్పుకోవాలి. అయినా దాని పేరు ఇంకా 'గౌరవ వేతనం' మాత్రమే. 2023 సెప్టెంబరులో రాష్ట్రమంతటా కేంద్రాలకు తాళాలు వేసి వారు సమ్మెకు దిగింది కూడా ఈ మాట దగ్గరే. పేరు టీచరు, జీతం గౌరవ వేతనం, పని మాత్రం అన్నీ. గర్భిణుల నమోదు, బాలింతల భోజనం, పిల్లల బరువు, పోషణ్ ట్రాకర్ యాప్, ఇంటికి ఇచ్చే సరుకులకు ముఖం ఫొటో తీసి గుర్తింపు. నెట్‌వర్క్ లేని పల్లెలో ఆ ముఖం ఫొటో కోసం ఒక తల్లిని ఎండలో నిలబెట్టి ఫోన్ పైకెత్తి పట్టుకున్న టీచరు, లోపల పదిమంది పిల్లలకు కథ ఎలా చెబుతుంది?

సుప్రీంకోర్టు ఈ విషయంలో ప్రభుత్వాల కంటే ముందు నడిచింది. 2022 ఏప్రిల్ 25న ఇచ్చిన తీర్పులో అంగన్‌వాడీ కార్యకర్తలకు, ఆయాలకు గ్రాట్యుటీ చట్టం వర్తిస్తుందని చెప్పింది. విద్యాహక్కు చట్టంలోని 11వ సెక్షన్ ప్రకారం మూడేళ్లు దాటిన పిల్లలకు పూర్వ ప్రాథమిక విద్య అందించే పని ఈ కేంద్రాలే చేస్తున్నాయన్నది ఆ తీర్పుకు ఒక ఆధారం. అంటే వీరు చేసేది చదువు చెప్పే పనేనని న్యాయస్థానం గుర్తించింది. చదువు చెప్పే పనికి శిక్షణ మూడు రోజులు చాలునని ఏ బి.ఎడ్. కళాశాల ఒప్పుకుంటుంది?

సైనిక కుటుంబాల చిన్నపిల్లల విషయంలో ప్రపంచంలో ఎక్కువగా ఉదహరించే అనుభవం అమెరికాది. అక్కడ కూడా కథ సిగ్గుపడాల్సిన చోటే మొదలైంది. 1980లలో సైనిక స్థావరాల్లోని శిశు కేంద్రాలు అధ్వానంగా ఉండేవి. అగ్ని ప్రమాద జాగ్రత్తలు కూడా లేని భవనాలు, చాలీచాలని జీతాలు, నాలుగు నెలలకు మించి నిలవని ఆయాలు. ఆపై పిల్లలపై అఘాయిత్యాలు జరిగాయన్న ఆరోపణలు బయటికొచ్చాయి. 1989లో వారి కాంగ్రెసు మిలిటరీ చైల్డ్ కేర్ చట్టం చేసింది. అందులో నాకు అన్నిటికంటే తెలివైనదిగా తోచిన సంగతి ఒకటుంది: శిక్షణను జీతానికి ముడిపెట్టడం. కొత్తగా చేరిన సిబ్బంది నిర్ణీత పాఠాలను నిర్ణీత గడువులో పూర్తిచేయాలి. పూర్తిచేసిన కొద్దీ జీతం పెరుగుతుంది, పూర్తిచేయకపోతే ఉద్యోగమే నిలవదు. రెండో సంగతి, పాఠాలు చెప్పేది దూరాన ఉన్న ట్రైనింగ్ సెంటర్ కాదు. కేంద్రంలోనే శిక్షణ కోసం ప్రత్యేకంగా ఒక నిపుణురాలు ఉంటుంది. ఆమె గదిలో కూర్చుని టీచరు పిల్లలతో ఎలా మాట్లాడుతోందో చూసి, సాయంత్రం ఆమెతో కూర్చుని మాట్లాడుతుంది. మూడోది, ఏడాదికి నాలుగుసార్లు ముందు చెప్పకుండా తనిఖీ. కొద్ది సంవత్సరాల్లోనే సిబ్బంది వదిలిపోవడం బాగా తగ్గింది, కేంద్రాలు గుర్తింపు ప్రమాణాలను అందుకున్నాయి. ఆ సిబ్బందిలో చాలామంది స్వయంగా సైనికుల భార్యలు. భర్తకు బదిలీ అయినా ఆ శిక్షణ గుర్తింపు కొత్త స్థావరంలో కూడా చెల్లుతుంది.

అమెరికా సైన్యానికి ఉన్న డబ్బు మనకెక్కడిదని ఎవరైనా అడగవచ్చు. అడగాల్సిందే. అందుకే పక్కనే ఉన్న తమిళనాడును చూద్దాం. అక్కడ 320 అంగన్‌వాడీ కేంద్రాలను తీసుకుని, వాటిలో కొన్నింటికి చదువు కోసమే అదనంగా ఒక సగంపూట టీచరును ఇచ్చి పరిశోధకులు ఫలితాలను పోల్చారు. ఆర్థికవేత్త కార్తీక్ మురళీధరన్ వారిలో ఒకరు. ఆ కేంద్రాల్లో పిల్లలకు చదువు చెప్పే సమయం రెట్టింపయింది. ఏడాదిన్నర తరువాత లెక్కల్లో, భాషలో పిల్లలు స్పష్టంగా ముందున్నారు. పాత టీచరుకు తీరిక దొరకడంతో పోషణ పనులూ మెరుగుపడ్డాయి, పిల్లల్లో ఎదుగుదల లోపం తగ్గింది. ఆ అదనపు టీచర్లు పెద్ద డిగ్రీలున్నవారేమీ కారు, ఊళ్లోని ఆడపడుచులే. ఒక్కరి మీద అన్నీ వేయకపోతే చాలు, ఉన్న శిక్షణ కూడా ఫలిస్తుందని అర్థమవుతోంది.

మన రాష్ట్రంలో 2025-26 విద్యా సంవత్సరం నుంచి కొన్ని ప్రభుత్వ పాఠశాలల్లో పూర్వ ప్రాథమిక తరగతులు మొదలయ్యాయి. ప్రైవేటు ఎల్.కె.జి.కి పోతున్న పిల్లలను వెనక్కి తేవాలన్న ఉద్దేశం మంచిదే. కానీ ఆ పిల్లలు వచ్చేది అంగన్‌వాడీ నుంచి కూడా. తమ కేంద్రాలు ఖాళీ అవుతాయని అంగన్‌వాడీ టీచర్లు ఆందోళన చెందడంలో న్యాయముంది. ఇరవై ఏళ్ల అనుభవమున్న టీచరును పక్కనపెట్టి, కొత్తవారిని తెచ్చి, వారికీ అంతంతమాత్రపు శిక్షణే ఇస్తే ఒకే ఊళ్లో రెండు బలహీనమైన బడులు తయారవుతాయి. ఉన్న టీచరుకే ఆ ఆరు నెలల కోర్సు ఇచ్చి, ఆయాను ఇంకొకరిని పెట్టి, అంగన్‌వాడీని బడి ఆవరణలోకి తేవడం చౌక కూడా, న్యాయం కూడా.

అసలు ఆ కోర్సులో ఏం నేర్పాలి? అక్షరాలు దిద్దించడం కాదు. మూడేళ్ల వేళ్లకు బలపం బరువు. పిల్ల మాట్లాడే మాట వినడం నేర్పాలి. సిద్దిపేట పల్లెలో పిల్ల 'అవ్వ కైకిలి పోయింది' అంటే దాన్ని దిద్దకుండా, ఆ మాట పట్టుకుని ముచ్చట పెట్టడం నేర్పాలి. తండాల నుంచి వచ్చే బిడ్డకు ఇంట్లో వినబడేది లంబాడీ భాష అన్న స్పృహ ఉండాలి. ఇక బొమ్మల కోసం క్యాటలాగులు వెతకనక్కర లేదు. చేర్యాల ఈ జిల్లాలోనే ఉంది. రంపపు పొట్టు, చింతగింజల జిగురుతో బొమ్మలు, ముఖాలు చేసే కళాకారులు అక్కడ ఉన్నారు. పొడవాటి గుడ్డ మీద బొమ్మలు గీసి, ఒక్కొక్క గడి విప్పుతూ కథ చెప్పడం ఆ ఊరి పద్ధతి. చిన్నపిల్లలకు కథ చెప్పడానికి అంతకంటే మంచి ఉపకరణాన్ని ఏ విశ్వవిద్యాలయం కనిపెట్టింది?

సైనిక కుటుంబాల విషయానికి వస్తే ఇంకొంచెం ప్రత్యేకంగా నేర్పాలి. సెలవుకు వచ్చిన నాయినను గుర్తుపట్టక నానమ్మ కొంగు చాటున దాక్కునే పిల్లలుంటారు. సెలవు అయిపోయి అతడు వెళ్లిన మరుసటి వారం బిడ్డ పక్క తడిపితే, పక్క పిల్లను కొరికితే అది మొండితనం కాదు. టీవీలో యుద్ధం వార్తలు రోజంతా మోగే రోజుల్లో ఆ ఇంటి పిల్లలతో ఏం మాట్లాడాలి, ఏం మాట్లాడకూడదు? సూర్యాపేట బిడ్డ కర్నల్ సంతోష్ బాబు 2020 జూన్‌లో గల్వాన్‌లో ప్రాణమిచ్చినప్పుడు తెలంగాణ అంతా కన్నీరు పెట్టింది, విగ్రహం పెట్టింది. అలాంటి ఇంటి పసిబిడ్డ మళ్లీ బడికి వచ్చే మొదటి రోజున టీచరు ఏం చేయాలన్నది మాత్రం ఏ శిక్షణ పుస్తకంలోనూ ముఖ్య పాఠం కాలేదు.

ఇక సంఘంగా మన సంగతి. సిద్దిపేట మెదక్ డయాసిస్ ప్రాంతం. ఆ మెదక్ పరిచర్యకు ఆద్యుడైన చార్లెస్ వాకర్ పాస్నెట్ 1895లో వచ్చినప్పుడు మొదట పనిచేసింది తిరుమలగిరిలోని సైనికుల మధ్యే. అక్కడి నుంచే ఆయన పల్లెలకు నడిచాడు. కంటోన్మెంట్‌కు, పల్లెకు మధ్య దారి మన చరిత్రలో ఉన్నదే. పసిపిల్లల విద్యకు కిండర్‌గార్టెన్ అని పేరుపెట్టిన ఫ్రోబెల్ కూడా ఒక పాస్టరుగారి కొడుకు. ఇంతటి వారసత్వం ఉండి, నేడు మన పాఠశాలల్లో ఎల్.కె.జి. ఎలా ఉంది? చాలాచోట్ల కొత్తగా చేరిన, తక్కువ జీతపు టీచరుకు ఆ తరగతి ఇస్తాం. నాలుగేళ్ల బిడ్డకు హోంవర్క్ ఇస్తాం. ప్రభుత్వాన్ని నిలదీసే ముందు ఈ లెక్క మనమూ చూసుకోవాలి.

హన్నా తన బిడ్డను పాలు మాన్పించి ఏలీ చేతికి అప్పగించిన సంగతిని మాతృ దినోత్సవాల్లో ఎన్నోసార్లు విన్నాం. ఆ ఇంట్లో ఏలీ సొంత కొడుకులు ఎలా తయారయ్యారో తలచుకుంటే, అప్పగింతకు అది భద్రమైన చోటేమీ కాదు. సమూయేలు నిలబడింది దేవుని కృప వల్ల, ఏడాదికోసారి చిన్న అంగీ కుట్టుకుని వచ్చిన తల్లి వల్ల. జవాను బిడ్డను తల్లి అంగన్‌వాడీ గుమ్మంలో వదిలేటప్పుడు, లోపలున్న మనిషి సిద్ధంగా ఉండాలని కోరడం విశ్వాసలోపం కాదు.

చేయగలిగిన పనులున్నాయి. మన సంఘాల హాళ్లు వారంలో ఆరు రోజులు ఖాళీగానే ఉంటాయి. సెక్టారు స్థాయిలో టీచర్లు నెలకోసారి కలుసుకోవడానికి మంచి గది, ఫ్యాను, మంచినీళ్లు కావాలంటే ఇవ్వవచ్చు, మతం మాట రానివ్వకుండా. మన పాఠశాలల నుంచి పదవీ విరమణ చేసిన టీచరమ్మలు జిల్లా సంక్షేమ అధికారిని అడిగి, అనుమతి తీసుకుని, వారానికి ఒకపూట ఒక కేంద్రంలో కూర్చుని కథలు చెప్పవచ్చు, టీచరు పక్కన మరో జత చేతులుగా ఉండవచ్చు. ఊళ్లో సైనికుని ఇల్లు ఏదో పాస్టరుగారికి తెలిసే ఉంటుంది. ఆ తల్లిని పలకరించి, బిడ్డ ఎక్కడికి పోతోంది, అక్కడ ఎలా ఉందో అడిగితే, ఆ కేంద్రానికి ఏం కావాలో ఆమే చెబుతుంది.