దీవార్ రోడ్డుది, ఆంగన్ ఎవరిది?

రంజాన్ దగ్గరపడుతోందంటే మా గల్లీలో నిచ్చెనలు లేస్తాయి. మంచిదే. పండక్కి ఇంటికి రంగు వేసుకోవడం మన రివాజు. కానీ కొన్నేళ్లుగా చూస్తున్నాను, రంగంతా రోడ్డు వైపు దీవార్‌కే. గేటు పక్కన డిజైన్ రాళ్లు, మేడ మీద స్టీలు రెయిలింగు, మేమాన్ కారు దిగగానే కనిపించేవన్నీ. వెనక ఆంగన్ మాత్రం సిమెంటు పోసి, పాత ఫ్రిజ్జు, విరిగిన కుర్చీలు పడేసే జాగా అయిపోయింది. రోజంతా ఇంట్లోనే ఉండే మన అమ్మీలకు, బాజీలకు ఆకాశం కనిపించేది అక్కడొక్కటే.

ఇది ఎవరి మీదో ఇల్జామ్ కాదు. నేనే చేశాను. కర్నూలు పాతబస్తీలో అబ్బా కట్టిన ఇల్లు మాది. ఆంగన్‌లో బేతంచర్ల బండలు, సందుల్లో మట్టి, మూలన ఒక జామ చెట్టు. నాలుగేళ్ల కింద చెల్లెలి రిష్తా కుదిరింది. లడ్కేవాలే వస్తున్నారని అప్పు తెచ్చి, బండలు పీకించి నున్నటి టైల్స్ వేయించాను. ఆకులు రాలుతున్నాయని చెట్టు కొట్టించాను. అమ్మీ ఒక్క మాటే అంది: "నీ మర్జీ బేటా." ఆ ఏడు మొదటి వానకే, వుజూకని కొళాయి దగ్గరికి వెళ్తూ జారిపడింది. మణికట్టు విరిగింది. ఇప్పటికీ ఆ చేత్తో రొట్టె పిండి కలపలేదు. మేమాన్లు ఆ టైల్స్ మీద నడిచింది ఒక్క పూట.

కిందటేడు రజబ్ నెలలో ఒక ఆదివారం సుత్తి, ఉలి పట్టుకున్నాను. మేస్త్రీని పిలవలేదు. డబ్బు ఒక కారణం. తీయించినవాణ్ని నేనే కాబట్టి తిరిగి పెట్టేదీ నేనే కావాలనిపించింది, అదింకోటి. కొడుకు, కూతురు చేయి వేశారు. కొళాయి పక్కన నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు పగలగొట్టాం. టైల్ కింద సిమెంటు రెండంగుళాలే, కానీ రెండు ఆదివారాలు తినేసింది. దాని కింద మట్టి రాయిలా ఉంది. తవ్వి, పశువుల ఎరువు కలిపి, జామ అంటు నాటాం. కొళాయి నుంచి చిన్న కాలువ తీస్తే వుజూ నీళ్లు నేరుగా పాదులోకి పోతున్నాయి. సబ్బు కలవని నీళ్లు, రోజుకు ఐదు పూటలు. పాత బండలు అదృష్టం కొద్దీ మేడ మీదే ఉన్నాయి. నడిచే దారిలో టైల్స్ తీసేసి వాటినే ఇసుక మీద పరిచాం. పాలిష్ లేని గరుకు బండ తడిసినా కాలు పట్టుకుంటుంది. వాన నీళ్లు సందుల్లోంచి ఇంకిపోతాయి.

తర్వాత ఆంగన్ గోడ. కింది నుంచి చెమ్మ ఎక్కి పెయింటు బుడగలు లేచింది. దుకాణంవాడు ఇంకో డబ్బా అమ్మాలని చూశాడు. పాత రాతి గోడకు లోపలి తేమ బయటికి పోయే దారి కావాలి. ప్లాస్టిక్ పెయింటు ఆ దారి మూస్తుంది, చూనా మూయదు. అయితే పాత పెయింటు గీకకుండా సున్నం కొడితే పట్టదు. నా మొదటి పూత పెచ్చులుగా రాలాక తెలిసింది. గీకి, గోడ తడిపి, పల్చగా మూడు పూతలు వేయాలి. తడిమీద ఏమీ వేయనట్టే ఉంటుంది, ఆరాక తెల్లబడుతుంది. ఒక్క జాగ్రత్త మాత్రం గట్టిగా చెప్తాను. సున్నపురాయి నీళ్లలో పడితే కుతకుత ఉడుకుతుంది, చిందుతుంది. కంట్లో పడితే చూపే పోవచ్చు. ప్లాస్టిక్ బకెట్టు వద్దు, ఇనుప డ్రమ్ములో ముందు నీళ్లు, తర్వాత కొంచెం కొంచెంగా రాయి. కళ్లకు అద్దాలు, చేతులకు గ్లౌజులు. ఆ పని పిల్లల్ని దూరంగా పంపి నేనొక్కణ్నే చేశాను. సున్నం ఏడాదికోసారి కొట్టాలి, ఆనుకుంటే బట్టలకు అంటుతుంది. అదీ నిజమే.

పని జరుగుతుంటే ఒకాయన ఆగి, "క్యా మియా, పత్రికలో జీతాలు ఇవ్వట్లేదా?" అన్నాడు. ఈ షరం మనకెక్కణ్నుంచి వచ్చిందో నాకర్థం కాదు. దూదేకి, అద్దకాలు వేసి, గోడలు కట్టి బతికిన తాతల మనవళ్లం. డిగ్రీ రాగానే సుత్తి పట్టడం బేఇజ్జతీ అయిపోయింది. కూతురు నిచ్చెనెక్కితే ఇంకొకాయన "లడ్కీ జాత్..." అని మొదలుపెట్టాడు. లోపల్నుంచి అమ్మీ, "దాని ఆంగన్, అదే కొట్టుకుంటుంది" అంది. ఆయన వెళ్లిపోయాడు.

కిరాయి ఇళ్లవాళ్లకు నేను చెప్పగలిగింది తక్కువ. పాత పెయింటు డబ్బాలు బాగా కడిగి, అడుగున చిల్లులు పెట్టి మల్లె, మందారం పెట్టుకుంటే ఇల్లు మారినా వెంట వస్తాయి. సొంతిల్లు ఉన్నవాళ్లను మాత్రం అడుగుతున్నాను: ఈసారి రోడ్డు వైపు దీవార్‌కు పెట్టే ఖర్చులో కొంత ఆపండి. ఆంగన్‌లో ఏం కావాలో ఇంట్లో ఆడవాళ్లను అడగండి. నేను అడగలేదు.

జామ మొక్క నా నడుము దాటింది. అస్ర్ తర్వాత అమ్మీ దాని పక్కన పీట వేసుకుని కూర్చుంటుంది. మొన్న ఇంకో రెండడుగులు పగలగొట్టమంది, మల్లె తీగ కోసమట. సుత్తి పిడి ఊడిపోయి ఉంది. ఆదివారంలోపు బిగించుకోవాలి.