మన గుమ్మం దాకా వచ్చిన వసంతం

ఉగాది దగ్గరపడితే హోసూరులో, కృష్ణగిరిలో తెలుగువాళ్లం కవిసమ్మేళనాలు పెట్టుకుంటాం. వేపపూత మీద, కోయిల మీద, మామిడి పిందె మీద పద్యాలు చదువుకుంటాం. ఆ వేదికల మీద నౌరోజు మాట ఎవరి నోటా నేను వినలేదు. 2023లో మార్చి 21న నౌరోజు, మర్నాడే ఉగాది. రెండు కొత్త ఏళ్లు అంత దగ్గరగా వచ్చినా అటు తలతిప్పి చూడలేదు మనం. అడిగితే, అది పారశీకుల పండగ, మనకెందుకు అంటారు.

మనకెందుకా? చార్మినారు కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్‌షా 1580లో గోల్కొండ గద్దెనెక్కాడు. తెలుగు నేల మీద కూర్చుని, నౌరోజు మీదా బసంత్ మీదా మృగశిర మీదా దక్కనీలో కవితలు రాశాడు. ఆ దక్కనీ ఎక్కడిదో కాదు, కృష్ణగిరి సంతలో, హోసూరు బస్టాండులో మన చెవిన పడుతూనే ఉంటుంది. ఆయన కవితలను మొహియుద్దీన్ ఖాద్రీ జోర్ 1940లోనే హైదరాబాదులో అచ్చువేయించారు. మనకు చార్మినారు గుర్తుంది, భాగమతి కథ గుర్తుంది, ఆ వసంతమే గుర్తులేదు.

రాత్రీ పగలూ సమమయ్యే రోజు నౌరోజు. సూఫీలు దాన్ని మనసులోకి తీసుకున్నారు. చచ్చిన నేలను దేవుడు వానతో బతికిస్తాడని ఖురాన్ పదేపదే చెబుతుంది. ఏటేటా వచ్చే చిగురు వాళ్లకు దానికి సాక్ష్యం. ఇరాన్‌లో ఏడాది మారే క్షణాన చేసే ప్రార్థనలో ధనధాన్యాలు అడగరు, తమ స్థితిని మేలైన స్థితికి మార్చమంటారు. బెక్తాషీ సూఫీలకు నౌరోజు హజ్రత్ అలీ పుట్టినరోజు కూడా.

జలాలుద్దీన్ రూమీ మస్నవీ మొదటి సంపుటంలో, వసంతపు చలిగాలికి ఒళ్లు దాచుకోవద్దన్న ప్రవక్త మాటను ఎత్తుకుని దాని లోపలి అర్థం విప్పాడు. ఆకురాల్చే కాలం అహం, కోరిక. వసంతం వివేకం, ఆత్మ. మహాత్ముల మాట మెత్తగా తగిలినా కరకుగా తగిలినా తప్పించుకోకు అని. అదే సంపుటంలో ఇంకోచోట, ఎన్ని వసంతాలొచ్చినా రాయి పచ్చబడదు, మట్టివైతేనే నీలో పూలు పూస్తాయి అన్న భావం ఉంది. ఇది మనకంటే బాగా ఎవరికి అర్థమవ్వాలి? మన చుట్టూ గ్రానైటు గుట్టలు, వాటి కింద ఎర్రమట్టిలో మామిడి తోటలు. ఒకే వాన రెండింటి మీదా పడుతుంది.

మన ఊళ్లలో ముస్లింల ఇళ్లలోనూ నౌరోజు పెద్దగా కనబడదు, నిజమే. మొగలు దర్బారులో దాన్ని ఔరంగజేబు ఆపించాడు. 1687లో గోల్కొండా ఆయన చేతికే చిక్కింది. ఒక పాదుషా వద్దన్నదాన్ని మనం కూడా వద్దనుకోవాలా? కడపలో చూడండి. ఉగాది నాడు దేవుని కడప గుడికి ముస్లింలు వస్తారు. స్వామి దేవేరిగా చెప్పుకునే బీబీ నాంచారమ్మను తమ ఇంటి ఆడపడుచుగా తలచి, వేంకటేశ్వరుడికి మొక్కుతారు. మన పండగను వాళ్లు అంత సొంతం చేసుకున్నారు. మనం ఏం చేశాం?

వచ్చే ఉగాదికి కులీ కుతుబ్‌షా నౌరోజు కవిత ఒక్కటి హోసూరు వేదిక మీద దక్కనీలో చదివించండి. పక్క వీధిలోని చాచాను రమ్మని పిలవండి, ఆయన చేతే చదివిద్దాం. తెలుగులోకి మనం తెచ్చుకుందాం. పంచాంగ శ్రవణానికి గంట ఇచ్చేవాళ్లం, దీనికి పావుగంట ఇవ్వలేమా?