ఫైర్ అలారం: ఉత్తుత్తి మోత అని స్విచ్ ఆపేస్తున్నారా? కామారెడ్డి, ఎల్లారెడ్డిల్లో అసలు సమస్య ఇదే!

కామారెడ్డి: దుకాణంలో అలారం మోగుతుంది. అందరూ ఒక్కసారి ఉలిక్కిపడి చూస్తారు. పొగ లేదు, మంట లేదు. ఎవరో ఒకరు వెళ్లి బటన్ నొక్కి ఆపేస్తారు. రెండు రోజులకు మళ్లీ అదే మోత. మూడోసారికి ఎవరూ తలెత్తి చూడరు. నాలుగోసారికి ప్యానెల్ స్విచ్చే ఆఫ్ అయిపోతుంది. 'నాన్నా పులి' కథ అందరికీ తెలిసిందే. ఫైర్ అలారం విషయంలో జరిగేది అచ్చంగా అదే.

హైదరాబాద్‌లో పెద్ద అగ్నిప్రమాదం జరిగిన ప్రతిసారీ జిల్లాల్లో తనిఖీలు, నోటీసుల హడావుడి మొదలవుతుంది. కొన్ని వారాలకు చల్లారిపోతుంది. అలారం పెట్టారా లేదా అన్నదే తప్ప, పెట్టిన అలారం పనిచేస్తోందా, దాన్ని జనం నమ్ముతున్నారా అనే ప్రశ్న ఎవరూ వేయడం లేదు.

మంట కన్నా ముందు పొగే చంపేస్తోంది

గత కొన్నేళ్ల ఘటనలు చూస్తే విషయం అర్థమవుతుంది. 2022 సెప్టెంబర్ 12న సికింద్రాబాద్‌లో కింద ఎలక్ట్రిక్ బైక్‌ల షోరూం, పైన లాడ్జి ఉన్న భవనంలో మంటలు చెలరేగి 8 మంది చనిపోయారు. కింద పుట్టిన పొగ మెట్ల దారిలో పైకి ఎగబాకింది. 2023 మార్చి 16న స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో ఊపిరాడక 6 మంది యువతీ యువకులు ప్రాణాలు వదిలారు. 2025 మే 18న పాతబస్తీ గుల్జార్ హౌజ్‌లో తెల్లవారుజామున జరిగిన ప్రమాదంలో ఒకే ఇంట్లో 17 మంది బలయ్యారు. అందులో 8 మంది చిన్నారులే. కింద దుకాణాలు, పైన కాపురం, లోపలికి పోవడానికి ఇరుకు దారి.

ఈ మూడు చోట్లా ప్రాణం తీసింది ప్రధానంగా పొగ. పొగ కమ్మే లోపు దొరికే ఆ నాలుగైదు నిమిషాలే ప్రాణానికీ, మరణానికీ మధ్య తేడా. ఆ నిమిషాలను కొని పెట్టేదే అలారం. కామారెడ్డి కూడా దీనికి అతీతం కాదు. 2023 డిసెంబర్‌లో పట్టణంలోని ఓ షాపింగ్ మాల్‌లో రాత్రి పూట భారీ అగ్నిప్రమాదం జరిగింది. అదే మంట జనం కిటకిటలాడే పండగ సాయంత్రం వచ్చి ఉంటే?

చట్టం ఎవరికి వర్తిస్తుంది?

రాష్ట్రంలో ఇప్పటికీ ఆధారం 1999 నాటి అగ్నిమాపక సేవల చట్టమే. ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన ఈ చట్టాన్నే తెలంగాణ కొనసాగిస్తోంది. ఇందులో 13వ సెక్షన్ కీలకం. దాని ప్రకారం 15 మీటర్లు దాటిన వాణిజ్య భవనాలు, 18 మీటర్లు, ఆపైన ఉండే నివాస భవనాలు కట్టేముందు ఫైర్ శాఖ నుంచి ఎన్‌వోసీ తీసుకోవాలి. స్కూళ్లు, సినిమా హాళ్లు, ఫంక్షన్ హాళ్లు, ప్రార్థనా స్థలాల లాంటి జనం గుమిగూడే చోట్లకు రూల్ ఇంకా కఠినం. 500 చదరపు మీటర్ల స్థలం లేదా 6 మీటర్ల ఎత్తు ఉంటే చాలు, ఎన్‌వోసీ ఉండాల్సిందే.

అలారం ఎలా ఉండాలన్నది చెప్పేవి వేరే ఉన్నాయి. 2016 నాటి నేషనల్ బిల్డింగ్ కోడ్ నాలుగో భాగం ఏ రకం భవనానికి ఎలాంటి అగ్నిమాపక ఏర్పాట్లు కావాలో చెబుతుంది. డిటెక్టర్లు, అలారం ఎక్కడ పెట్టాలి, ఎలా మెయింటెయిన్ చేయాలన్నది ఐఎస్ 2189 అనే భారతీయ ప్రమాణం వివరిస్తుంది.

కాగితం మీద అంతా బాగానే ఉంది. మరి చిక్కు ఎక్కడ?

15 మీటర్ల గీత కిందే ఊరంతా!

కామారెడ్డి బజార్లలో తిరిగి చూస్తే చాలు. గ్రౌండ్ ఫ్లోర్‌లో బట్టల దుకాణం, పైన టైలరింగ్ మెటీరియల్ గోడౌన్, ఆ పైన కోచింగ్ సెంటరో, లాడ్జో. అంతస్తుకు మూడు మీటర్లు వేసుకున్నా నాలుగు అంతస్తులకు 12 మీటర్లే. అంటే ఇలాంటి వాణిజ్య భవనం 15 మీటర్ల గీత దాటదు. ఎల్లారెడ్డిలో ఎత్తు ఇంకా తక్కువ. 2018లో మున్సిపాలిటీగా మారిన ఈ పట్టణంలో ఎక్కువగా కనిపించేది ఒకటి, రెండంతస్తుల దుకాణాలే.

ఇలాంటి భవనాల బాధ్యత మున్సిపాలిటీ మీద పడుతుంది. 2020 నుంచి టీజీ-బీపాస్ విధానంలో 500 చదరపు మీటర్ల లోపు స్థలంలో, 10 మీటర్ల ఎత్తు వరకు కట్టే ఇళ్లకు యజమాని సొంత ధ్రువీకరణతోనే అనుమతి వస్తోంది. జనానికి ఇది మంచి సౌకర్యమే. అయితే ఇల్లుగా అనుమతి తీసుకున్న భవనం కొన్నాళ్లకు హాస్టల్‌గానో, గోడౌన్‌గానో మారితే పరిస్థితి ఏంటి? మళ్లీ ఎవరు వెళ్లి చూస్తారు? 'మా పరిధి కాదు' అని ఫైర్ శాఖ అంటే, 'మా దగ్గర ఫైర్ నిపుణులు లేరు' అని మున్సిపాలిటీ అంటుంది. రెండింటి నడుమ అలారం మూగబోతుంది.

కింద దుకాణాలు, పైన క్లాసులు నడిచే మిక్స్‌డ్ ఆక్యుపెన్సీ భవనాల సంగతి మరీ విచిత్రం. ఫైర్ ఎన్‌వోసీ లేని ప్రైవేటు జూనియర్ కాలేజీలకు సర్కారే కొన్నేళ్లు మినహాయింపులిస్తూ వచ్చింది. పిల్లల చదువు ఆగిపోకూడదన్న కారణం సబబే. కానీ మినహాయింపు కాగితాన్ని పొగ చదవదు కదా!

తప్పుడు మోత ఎందుకు వస్తుంది?

అలారం ఉత్తినే మోగితే 'మెషిన్ పాడైంది' అనేస్తారు. చాలాసార్లు మెషిన్ తప్పు కాదు, పెట్టిన చోటు తప్పు. వంటగది ముందు స్మోక్ డిటెక్టర్ పెడితే తాలింపు వేసిన ప్రతిసారీ మోగుతుంది. ఫంక్షన్ హాల్‌లో హోమం, దుకాణంలో పొద్దున్నే వేసే సాంబ్రాణి ధూపం, రైస్ మిల్లు దుమ్ము, వానాకాలం తేమ, డిటెక్టర్ లోపల చేరిన పురుగులు, కరెంటు ఎక్కువ తక్కువలు.. ఇవన్నీ తప్పుడు మోతకు కారణాలే.

దీనికి మందు కూడా ఉంది. వంటగది, పూజ గది దగ్గర పొగకు కాకుండా వేడికి స్పందించే హీట్ డిటెక్టర్ పెట్టాలి. రెండు డిటెక్టర్లు ఒకేసారి పొగను గుర్తిస్తేనే పెద్ద హూటర్ మోగేలా అమర్చుకోవచ్చు. డిటెక్టర్లను తరచూ శుభ్రం చేయించాలి, బ్యాటరీ చూసుకోవాలి. సమస్య ఏమిటంటే, చాలామంది అలారాన్ని ఎన్‌వోసీ కోసం కొంటారు, ఆ తర్వాత మెయింటెనెన్స్‌కు రూపాయి పెట్టరు.

మోత తప్పా? మనిషి తప్పా?

2023 ఆగస్టు 9న తిరుపతి నుంచి సికింద్రాబాద్ వస్తున్న వందే భారత్ రైల్లో ఏం జరిగిందో గుర్తుందా? టికెట్ లేకుండా ఎక్కిన ఓ ప్రయాణికుడు టాయిలెట్‌లో దూరి సిగరెట్ కాల్చాడు. గూడూరు దాటాక అలారం మోగింది. మంటలార్పే పొడి దానంతటదే చిమ్మింది. ప్రయాణికులు హడలిపోయారు. మనుబోలు దగ్గర రైలు ఆగింది. పోలీసులు అద్దం పగలగొట్టి చూస్తే లోపల మనిషి!

అది ఫాల్స్ అలారమే. అయినా వ్యవస్థ తన పని తాను చేసింది. పొగను పట్టింది, రైలు ఆగింది, సిబ్బంది వచ్చి చూశారు.

దీనికి పూర్తి విరుద్ధమైన ఘటన 2025 జనవరి 22న మహారాష్ట్రలోని జల్‌గావ్ జిల్లాలో జరిగింది. పుష్పక్ ఎక్స్‌ప్రెస్‌లో మంటలంటూ పుకారు లేచింది. ప్రయాణికులు చైన్ లాగి పట్టాల మీదికి దిగారు. ఎదురుగా వచ్చిన కర్ణాటక ఎక్స్‌ప్రెస్ ఢీకొని పదిమందికి పైగా చనిపోయారు. అక్కడ మంటే లేదు. అంటే తప్పుడు మోత కన్నా, మోగినప్పుడు ఏం చేయాలో తెలియకపోవడమే ప్రమాదం.

విదేశాల్లో ఏం చేస్తున్నారు?

ఇంగ్లండ్‌లో ఫైర్ సిబ్బంది వెళ్లే ఘటనల్లో 40 శాతానికి పైగా తప్పుడు అలారాలే. అందుకే స్కాట్లాండ్ 2023 జులై 1 నుంచి కొత్త పద్ధతి తెచ్చింది. దుకాణాలు, ఆఫీసుల్లో అలారం మోగగానే బండి పంపరు. మంట నిజమేనని మనిషి ఫోన్ చేసి చెప్పాలి. హాస్పిటళ్లు, హోటళ్ల లాంటి మనుషులు నిద్రపోయే చోట్లకు మాత్రం మినహాయింపు. లండన్ కూడా 2024 అక్టోబర్ నుంచి పగటి వేళల్లో దాదాపు ఇదే బాట పట్టింది. అమెరికాలో చాలా నగరాలు ఏడాదిలో ఇన్నిసార్లకు మించి తప్పుడు మోత వస్తే యజమానికి జరిమానా వేస్తాయి.

మనకు అదే రూల్ కాపీ కొడితే సరిపోతుందా? కుదరదు. అక్కడి అలారం నేరుగా మానిటరింగ్ సెంటర్‌కు కబురు పంపుతుంది. ఇక్కడ చాలా భవనాల్లో అలారం గోడల మధ్యే మోగి ఊరుకుంటుంది. ఎవరో విని 101కో, 112కో ఫోన్ చేస్తేనే బండి కదులుతుంది. రాత్రి పది తర్వాత షట్టర్ దించిన దుకాణంలో మోగితే వినేదెవరు? వాళ్లకు బండి ఉత్తినే పరుగెత్తడం సమస్య. మనకు బండికి కబురే అందకపోవడం సమస్య.

పైగా జరిమానా అనగానే యజమాని చేసే మొదటి పని స్విచ్ ఆపేయడం. కాబట్టి తప్పుడు మోతకు మొదట జరిమానా కాదు, రిపేరుకు గడువు ఇవ్వాలి. గడువు దాటినా బాగు చేయించకపోతే, కావాలని ప్యానెల్ ఆపేస్తే అప్పుడు గట్టిగా వేయాలి.

ఎల్లారెడ్డికి ఇంకో చిక్కు

చిన్న పట్టణాల ఫైర్ స్టేషన్లలో బండ్లు తక్కువ. ఎండాకాలం వస్తే గడ్డివాములు, కొయ్యకాళ్ల మంటలు, అడవి అంచున రాజుకునే నిప్పు.. పిలుపు మీద పిలుపు. వానాకాలమైతే వరద సహాయం. 2025 ఆగస్టు చివర్లో కామారెడ్డి జిల్లాను ముంచెత్తిన వానల్లో కొన్ని చోట్ల 40 సెంటీమీటర్లకు పైగా కురిసింది. ఇలాంటి సమయంలో ఒక ఉత్తుత్తి పిలుపుకు బండి వెళ్తే, నిజమైన మంటకు లింగంపేట మీదుగా కామారెడ్డి నుంచో, బాన్సువాడ నుంచో సాయం రావాలి.

పేరుతో కూడా గందరగోళమే. ఎల్లారెడ్డి పట్టణం వేరు, సదాశివనగర్ మండలంలోని అడ్లూర్ ఎల్లారెడ్డి వేరు, సిరిసిల్ల జిల్లా ఎల్లారెడ్డిపేట వేరు. కంగారులో 'ఎల్లారెడ్డిలో మంటలు' అని ఫోన్ పెట్టేస్తే విలువైన నిమిషాలు వృథా. మండలం పేరు, పక్కనున్న గుడో, బ్యాంకో చెప్పాలి.

ఇక ఆకతాయి పుకార్ల సంగతి. విపత్తు గురించి తప్పుడు హెచ్చరిక ప్రచారం చేసి జనాన్ని భయాందోళనకు గురిచేస్తే, 2005 విపత్తు నిర్వహణ చట్టం 54వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలు లేదా జరిమానా పడొచ్చు. వాట్సాప్ ఫార్వర్డ్ అయినా తప్పించుకోలేరు.

ఇప్పుడేం చేయాలి?

కొత్త చట్టం అవసరం లేకుండానే చేయగలిగినవి ఉన్నాయి. మున్సిపాలిటీ ఏటా ఇచ్చే ట్రేడ్ లైసెన్స్ రెన్యువల్‌కు అలారం లాగ్ బుక్‌ను ముడిపెట్టొచ్చు. ఎప్పుడు మోగింది, ఎందుకు మోగింది, ఎవరు బాగుచేశారు అని రాసిన ఒక పుస్తకం చాలు. తనిఖీకి వచ్చిన అధికారి మొదటి పేజీ చూస్తేనే అలారం బతికుందో లేదో తెలిసిపోతుంది. ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 వరకు జరిగే అగ్నిమాపక వారోత్సవాల్లో కరపత్రాలతో సరిపెట్టకుండా, బజార్‌లో నిజంగా అలారం మోగించి జనం ఎంతసేపట్లో బయటికొస్తున్నారో చూడొచ్చు.

దుకాణదారులు, హాస్టల్ వార్డెన్లు, లాడ్జి యజమానులు ఈ రోజే చూసుకోవాల్సినవి:

- ప్యానెల్ ఆన్‌లో ఉందా? కరెంటు పోతే బ్యాటరీ మీద పనిచేస్తోందా?
- రాత్రి అలారం మోగితే వినేది ఎవరు? వాళ్ల దగ్గర తాళం, 101 నంబర్ ఉన్నాయా?
- మెట్ల కింద అట్టపెట్టెలు, బండ్లు అడ్డంగా పెట్టారా?
- వారానికోసారి టెస్ట్ బటన్ నొక్కి చూస్తున్నారా?

అలారం పదిసార్లు ఉత్తినే మోగినా పోయేది కాస్త నిద్ర, కాస్త గిరాకీ. పదకొండోసారి నిజంగా మోగాల్సినప్పుడు స్విచ్ ఆఫ్‌లో ఉంటే మాత్రం పోయేది ప్రాణం. కామారెడ్డి అయినా, ఎల్లారెడ్డి అయినా లెక్క ఒక్కటే.