నెక్కొండ ఎందుకు పూచీ పడాలి?

2024 జనవరిలో వరంగల్ జిల్లా నెక్కొండ వాసులు రోజూ రైలు టికెట్లు కొన్నారు. ఖమ్మానికి, సికింద్రాబాద్‌కు, చివరికి ఢిల్లీకి కూడా. కొన్నవారు రైలెక్కలేదు. సికింద్రాబాద్-గుంటూరు ఇంటర్‌సిటీకి అక్కడ తాత్కాలికంగా హాల్టింగ్ ఇచ్చిన రైల్వే, మూడు నెలల్లో తగిన ఆదాయం రాకపోతే ఎత్తివేస్తామన్నది. దాంతో దాదాపు 400 మంది వాట్సాప్‌లో జట్టుకట్టి, చందాలు వేసుకొని స్టేషన్ రాబడి పెంచే పనికి పూనుకున్నారు. పత్రికలు దీన్ని ఊరి ఐకమత్యానికి నిదర్శనంగా, ముచ్చటైన వార్తగా ప్రచురించాయి. నాకందులో ముచ్చటేమీ కనిపించలేదు. తమకు దక్కవలసిన సేవను నిలుపుకోవడానికి పౌరులు ప్రభుత్వ సంస్థకు చెల్లించిన కప్పం అది.

ఆ స్టేషన్ ఉన్న రైలుమార్గం చరిత్ర తెలిస్తే ఈ షరతు మరింత ఎబ్బెట్టుగా తోస్తుంది. వరంగల్ మీదుగా బెజవాడ దాకా 1889లో ఆ మార్గాన్ని పూర్తిచేసింది నిజామ్స్ గ్యారంటీడ్ స్టేట్ రైల్వే. పేరులోనే పూచీకత్తు ఉంది. ఎవరికి పూచీ? లండన్‌లో వాటాలు కొన్నవారికి. రైలెక్కేవారున్నా లేకున్నా 20 ఏళ్లపాటు వారి పెట్టుబడికి 5 శాతం రాబడి తగ్గకుండా నిజాం ఖజానా చూసుకోవాలి. ఖజానా అంటే రైతు కట్టిన శిస్తే కదా. ఆ ఒప్పందం వివరాలు ప్రజల ముందు పెట్టాలని 1883లో హైదరాబాద్‌లో గొంతెత్తినవారిలో సరోజినీ నాయుడి తండ్రి అఘోరనాథ చట్టోపాధ్యాయ ఒకరు. ఆయనకు దక్కింది బహిష్కారం. నాడు మదుపరి నష్టపోకుండా ఊళ్లు పూచీ పడ్డాయి. నేడు రైల్వే నష్టపోకుండా మళ్లీ ఊరే పూచీ పడాలట!

ఇది నెక్కొండ ఒక్కదానికే వచ్చిన కష్టం కాదు. ప్రయాగ్‌రాజ్ సమీపంలోని దయాల్‌పూర్ స్టేషన్‌ను ఆదాయం చాలదంటూ 2006లో మూసివేశారు. 2022లో తిరిగి తెరిచాక, మళ్లీ మూతపడుతుందన్న భయంతో అక్కడి గ్రామస్థులూ చందాలతో టికెట్లు కొన్నారు.

రైల్వే వాదన తెలియనిది కాదు. ఎక్స్‌ప్రెస్ ఆగి, తిరిగి వేగం అందుకోవడానికి సమయమూ ఇంధనమూ ఖర్చవుతాయి. ఊరూరా ఆపితే అది ఎక్స్‌ప్రెస్ కాదు. నిజమే. మరి ఊరూరా ఆగవలసిన ప్యాసింజర్ బండిని ఏం చేశారు? 2020 మార్చిలో కోవిడ్ వల్ల నిలిపివేసిన ప్యాసింజర్లలో అనేకం ఎక్స్‌ప్రెస్ స్పెషళ్లన్న పేరుతో తిరిగి వచ్చాయి. 10 రూపాయల కనీస చార్జీ 30 అయింది. పాత చార్జీ మళ్లీ అమలైంది 2024 ఫిబ్రవరిలో, లోక్‌సభ ఎన్నికల ముంగిట.

అసలు ఆ ఆదాయపు లెక్కే వక్రమైనది. సికింద్రాబాద్ నుంచి వచ్చి నెక్కొండలో దిగే మనిషి టికెట్ కొన్నది సికింద్రాబాద్‌లో. హాల్టింగ్ అతనికీ అవసరమే, కానీ అతని డబ్బు ఈ ఊరి కౌంటర్ రాబడిలో కనిపించదు. పైగా ప్రయాణ వ్యయంలో సగటున 57 శాతమే చార్జీల ద్వారా వస్తున్నదని టికెట్ల మీదే అచ్చువేసి చెప్పుకున్న సంస్థ ఇది. దేశమంతటా భరిస్తున్నామని చాటుకునే నష్టం ఒక్క పల్లె దగ్గరికి వచ్చేసరికి భరించరానిదెలా అయింది?

మన ఎంపీల పాత్రా తక్కువేమీ కాదు. హాల్టింగ్ మొదలైన రోజు పచ్చజెండా ఊపడానికి వస్తారు, ఫ్లెక్సీలు వెలుస్తాయి. 'ప్రయోగాత్మకంగా' అన్న మాట ఫ్లెక్సీలో ఉండదు. 2017లో రైల్వే బడ్జెట్‌ను సాధారణ బడ్జెట్‌లో కలిపేశాక పల్లె స్టేషన్ల గోడు సభలో వినిపించే సందర్భమూ కుంచించుకుపోయింది. మరోవైపు 2024 ఫిబ్రవరి 26న, నెక్కొండ టికెట్ల వార్త వచ్చిన కొద్ది వారాలకే, అమృత్ భారత్ పథకం కింద ఒకే రోజు 553 స్టేషన్ల పునరభివృద్ధికి ప్రధాని శంకుస్థాపన చేశారు.

రైల్వే బోర్డు ఈ ఆదాయ షరతును రద్దు చేయాలి. ఎక్కేవారితోపాటు దిగేవారినీ లెక్కించాలి. ఆ ఊరికి మరో రైలు అందుబాటులో ఉందో లేదో చూడాలి. హాల్టింగ్ ఇచ్చినా, తీసేసినా కారణాన్ని ఆ స్టేషన్ గోడ మీదే రాసిపెట్టాలి. ఎవరూ ప్రయాణించని ఆ టికెట్ల సొమ్మును నెక్కొండ వాసులకు తిరిగి చెల్లించాలి.