విరాళం ఆగితే పిల్లల గతి ఏమిటి?

ఉక్కు నగరం భిలాయ్‌కి జంట పట్టణమైన దుర్గ్ రైల్వే స్టేషన్‌లో 2025 జూలై 25న కేరళకు చెందిన ఇద్దరు క్రైస్తవ సన్యాసినులను, ఒక యువకుణ్ణి పోలీసులు అరెస్టు చేయడం దేశవ్యాప్తంగా సంచలనం కలిగించిన సంగతి విదితమే. ముగ్గురు యువతులను మత మార్పిడి కోసం తరలిస్తున్నారన్న ఆరోపణపై ఈ కేసు నమోదైంది. ఆగస్టు 2న బిలాస్‌పూర్‌లోని ఎన్‌ఐఏ ప్రత్యేక న్యాయస్థానం వారికి బెయిలు మంజూరు చేసింది. అది పెద్దలకు సంబంధించిన వ్యవహారం. కాగా క్రైస్తవ సంస్థలు నడిపే బాలల గృహాలపై జరిగే వాదోపవాదాలు కూడా మత మార్పిడి, విదేశీ ధనం అనే రెండు మాటల చుట్టూనే తిరుగుతుంటాయి. ఈ వాగ్వివాదంలో ఆ గృహాల్లో పెరుగుతున్న పిల్లల ప్రశ్న మరుగున పడిపోతోంది.

ఛత్తీస్‌గఢ్ ప్రాంతానికి ఇటువంటి గృహాలు కొత్త కాదు. భిలాయ్‌కి దక్షిణాన ఉన్న ధమ్‌తరీకి 1899లో వచ్చిన అమెరికా మెన్నొనైట్ మిషనరీలు ఆ సంవత్సరం విరుచుకుపడిన కరవులో దిక్కులేనివారైన పిల్లలను చేరదీశారు. నాటి అనాథలను సృష్టించింది కరవు. తరవాతి కాలపు పేదరికానికి రూపం వేరు. సోవియట్ సహకారంతో 1955లో కుదిరిన ఒప్పందం మేరకు భిలాయ్ ఉక్కు కర్మాగారం నిర్మాణమైంది. దాని తొలి బ్లాస్ట్ ఫర్నేసును 1959 ఫిబ్రవరిలో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. ఉపాధి కోసం శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుంచి తెలుగువారు సైతం అక్కడికి తరలివెళ్లారు. పర్మినెంటు ఉద్యోగికి క్వార్టరు, పిల్లలకు బడి, సెక్టార్-9లో ఆస్పత్రి సమకూరాయి. కాంట్రాక్టు కూలీకి ఆ భరోసా లేదు. ఆ కార్మికుల పక్షాన పోరాడిన శంకర్ గుహ నియోగి 1991 సెప్టెంబరు 28న హత్యకు గురైన విషయం ఈ అంతరం ఎంత తీవ్రమైనదో చాటుతుంది. తండ్రి ప్రమాదానికో జబ్బుకో లోనైతే ఇటువంటి కుటుంబంలోని బిడ్డ ఆశ్రమం మెట్లెక్కవలసి వస్తుంది.

అందుచేతనే ఆశ్రమాల్లోని పిల్లలందరూ అనాథలనుకోవడం పొరపాటు. ప్రపంచవ్యాప్తంగా ఇటువంటి సంస్థల్లో ఉన్న ప్రతి అయిదుగురిలో కనీసం నలుగురికి తల్లిగానీ తండ్రిగానీ జీవించి ఉన్నారని ‘సేవ్ ది చిల్డ్రన్’ సంస్థ 2009లో వెల్లడించింది. ఇంటి వద్దే ఆసరా లభిస్తే వారిలో అనేకులు గడప దాటనవసరం లేదు.

దాత దూరం, అధికారి దూరం

ఒక్కొక్క బిడ్డకు విదేశంలో ఒక్కొక్క దాతను కుదిర్చే పద్ధతికి కొరియా యుద్ధపు అనాథల కోసం 1952లో మొదలైన అమెరికా సంస్థ కంపాషన్ ఇంటర్నేషనల్ ప్రసిద్ధి. ముందస్తు అనుమతి లేనిదే దాని నిధులు దేశంలోకి రాకూడదని కేంద్రం 2016లో ఆంక్ష విధించింది. ఆ డబ్బు మత మార్పిడులకు మళ్లుతోందన్న అభియోగాన్ని సంస్థ తోసిపుచ్చింది. చివరకు 2017 మార్చిలో భారత్‌లో కార్యకలాపాలు ముగించింది. అప్పటికి దాని సాయం అందుకుంటున్న బాలలు సుమారు 1,45,000 మంది. వీరిలో అత్యధికులు తమ ఇళ్లలోనే ఉంటూ బడి ఫీజు, భోజనం, వైద్యం పొందినవారే కావడం గమనార్హం.

2020 సెప్టెంబరులో విదేశీ విరాళాల నియంత్రణ చట్టాన్ని సవరించి, ఒక సంస్థకు వచ్చిన విదేశీ నిధులను మరొక సంస్థకు బదిలీ చేయడాన్ని నిషేధించారు. పెద్ద సంస్థల ద్వారా నిధులు అందుకునే చిన్న గృహాలకు ఇది గట్టి దెబ్బ. సొంతంగా రిజిస్ట్రేషన్ పొందాలంటే గడచిన మూడు ఆర్థిక సంవత్సరాల్లో కనీసం 15 లక్షల రూపాయలు సేవా కార్యక్రమాలపై వెచ్చించి ఉండాలి. విదేశీ విరాళం పొందడం నిరపేక్షమైన హక్కు కాదని స్పష్టం చేస్తూ సుప్రీం కోర్టు 2022 ఏప్రిల్‌లో ఈ సవరణలను ప్రధానంగా సమర్థించింది.

పర్యవేక్షణ అవసరమే

నియంత్రణే వద్దనడం సమంజసం కాదు. రాంచీలోని మిషనరీస్ ఆఫ్ చారిటీ గృహం నుంచి శిశువులను విక్రయించారన్న ఆరోపణపై 2018 జూలైలో అరెస్టులు జరిగాయి. అదే ఏడాది బీహార్‌లోని ముజఫర్‌పూర్ బాలికల గృహంలో అత్యాచారాలు బయటపడ్డాయి. దానిని నడిపినది క్రైస్తవ సంస్థ కాదు, అందిన నిధులు విదేశాలవీ కావు. నాలుగు గోడల మధ్య నిస్సహాయులైన పిల్లలున్న ప్రతిచోటా తనిఖీ తప్పనిసరి అనేదే ఈ రెండు ఉదంతాల పాఠం. 2015 నాటి బాల న్యాయ చట్టం ప్రతి బాలల గృహానికీ రిజిస్ట్రేషన్‌ను తప్పనిసరి చేసింది. 2021 సవరణ జిల్లా మెజిస్ట్రేటు పర్యవేక్షణాధికారాలను పెంచింది.

చిక్కంతా ఈ రెండు చట్టాల నడుమ ఉన్న వ్యత్యాసంలో ఉంది. బాల న్యాయ చట్టం 41వ సెక్షన్ కింద గృహం రిజిస్ట్రేషన్ రద్దయితే, తిరిగి మంజూరయ్యేవరకు దానిని రాష్ట్ర ప్రభుత్వమే నిర్వహించి తీరాలి. 2010 నాటి విదేశీ విరాళాల చట్టం 15వ సెక్షన్ రద్దయిన సంస్థ నిధులను, ఆస్తులను ప్రభుత్వాధికారికి అప్పగించింది. కార్యకలాపాల కొనసాగింపును మాత్రం ప్రజాప్రయోజనం దృష్ట్యా అవసరమని భావిస్తే చేపట్టవచ్చునని ఆయన విచక్షణకు వదిలివేసింది. డబ్బు లెక్క ఢిల్లీలోని హోం మంత్రిత్వ శాఖది, బిడ్డ బాధ్యత జిల్లాలోని బాలల సంక్షేమ కమిటీది. లైసెన్సు రద్దు ఉత్తర్వు వెలువడే ముందే ఆ కమిటీకి సమాచారం అందితే తప్ప వచ్చే నెల బియ్యం, బడి ఫీజు ఎవరు భరించాలన్న ప్రశ్నకు సకాలంలో సమాధానం దొరకదు.

దీనికి పరిష్కారం అసాధ్యమేమీ కాదు. కేంద్ర ప్రభుత్వ మిషన్ వాత్సల్య పథకం కింద, కుటుంబంలోనే పెరిగే అర్హులైన బాలలకు నెలకు 4,000 రూపాయల సాయానికి వీలుంది. నిధులు నిలిపివేసే ఉత్తర్వుతో పాటే ప్రతి బిడ్డ వివరాలు జిల్లా మెజిస్ట్రేటుకు చేరాలి. ఇల్లున్నవారికి ఈ సాయంతో ఇంటికి దారి చూపాలి, లేనివారికి మరొక నీడ చూపిన తరవాతే గృహానికి తాళం పడాలి. దాత ఉద్దేశం మంచిదా చెడ్డదా అన్నది న్యాయస్థానాలు తేల్చవచ్చు. అందుకు సంవత్సరాలు పట్టినా పట్టవచ్చు. బిడ్డ ఆకలికి అంత వ్యవధి ఉండదు.