ఒక ఐత్వము విలువ

పదవ తరగతిలో కార్బన్ సమ్మేళనముల పాఠము చేరునప్పటికి మన బాలబాలికలకు ఆల్కేన్, ఆల్కీన్, ఆల్కైన్ అను మూడు మాటలు ఇంచుమించుగా ఒకేసారి ఎదురగును. గుణింతపు భేదము తప్ప వేఱు భేదము లేని ఈ మాటలను ఎక్కములవలె వల్లించి, పరీక్ష ముగిసిన మఱునాడే మఱచిపోవు విద్యార్థులను నేను అనేక సంవత్సరములుగా చూచుచున్నాను. వారి యెడ నాకు నింద లేదు. ఈ నామీకరణము ఒక వ్యాకరణమనియు, అందు ప్రతి అక్షరమునకు అర్థము కలదనియు వారికి చెప్పినవారు లేకపోవుటయే నా మనస్సును బాధించుచున్నది.

ఈ అచ్చుల మార్పు యాదృచ్ఛికము కాదు. హైడ్రోజన్ పరమాణువులు రెండేసి చొప్పున తగ్గుచున్న కొలది హైడ్రోకార్బను పేరిటి అంత్యప్రత్యయములోని అచ్చును, ఆంగ్లమున ఏ, ఈ, ఐ, ఓ, యూ అని పిలువబడు ఐదు అచ్చుల వరుసలో మార్చుచు పోవలెనని జర్మన్ రసాయన శాస్త్రజ్ఞుడు హాఫ్‌మన్ 1866లో ప్రతిపాదించెను. ఆఱు హైడ్రోజనులు గలది ఈథేన్, నాలుగు గలది ఈథీన్, రెండే గలది ఈథైన్: ఏ, ఈ, ఐ! 1892లో జెనీవాలో సమావేశమైన శాస్త్రజ్ఞులు ఆ వరుసలోని మొదటి మూడింటిని అంగీకరించిరి; అయితే ఆ మూడవ ప్రత్యయమే మార్ఫీన్, క్వినైన్ వంటి నైట్రోజన్ సమ్మేళనముల పేళ్ల చివరను సైతము ఉండుటచే కలుగు గందరగోళము తొలగుటకై, 1930 నాటి లీజ్ నియమములు అందలి రోమను అక్షరమును మార్చినవి. అక్షరము మాఱినను తెలుగువాని చెవికి ఐత్వము ఐత్వముగనే నిలిచినది. శివ శబ్దములోని ఇకారము ఐకారమైనంతనే శివుని విడిచి శివభక్తుని బోధించు శబ్దసంపద గల మనకు, ఒక అచ్చు మాఱినచో ఒక బంధము మాఱుననుట వింతగా తోచవలసిన పని లేదు. కనుకనే ఆల్కైన్ అని ఉండవలసిన చోట ఆల్కీన్ అని అచ్చుపడినచో దానిని అచ్చుతప్పని క్షమింపజాలను. త్రిబంధము ద్విబంధమైపోయినది, పదార్థమే మాఱిపోయినది.

ప్రత్యయమునకు ముందున్న మూలపదము కార్బనుల సంఖ్యను తెలుపును. ఈథ్ అనగా రెండు, ప్రోప్ అనగా మూడు, బ్యూట్ అనగా నాలుగు. ఈ కడపటిది వెన్నకు గల లాటిన్ పేరునుండి పుట్టినది. ఐదు మొదలుకొని మన పిల్లలకు మఱియు సులభము, ఏలయన పెంట్‌లో పంచ, హెప్ట్‌లో సప్త, ఆక్ట్‌లో అష్ట, డెక్‌లో దశ శబ్దముల చుట్టఱికము చెవికే తెలియును. ఇక స్థానసంఖ్య. త్రిబంధము ఏ కొనకు దగ్గఱగా నున్నదో ఆ కొననుండి లెక్కింపవలెనను నియమమును పిల్లలు అర్థములేని ఆచారముగా భావింతురు. కాని బ్యూట్-1-ఐన్ సుమారు 8 డిగ్రీల సెల్సియస్ వద్దను, బ్యూట్-2-ఐన్ సుమారు 27 డిగ్రీల వద్దను మరగును. హైదరాబాదు నగరపు చల్లని శీతకాలపు ఉదయమున మొదటిది వాయువు, రెండవది ద్రవము. అమ్మోనియా కలిపిన సిల్వర్ నైట్రేట్ ద్రావణముతో మొదటిది తెల్లని అవక్షేపము నిచ్చును, రెండవది ఈయదు. పేరులోని ఒక్క అంకె ఇంత చెప్పుచుండగా, దానిని ఒక మార్కు కొఱకు కంఠస్థము చేయించుట ఎంతటి అన్యాయము!

ఈ వ్యాకరణమునకును రూఢిశబ్దములు కలవు. 1836లో ఎడ్మండ్ డేవీ కనుగొనిన వాయువునకు 1860 ప్రాంతమున బెర్తెలో ఎసిటిలీన్ అని పేరిడెను. అందున్నది త్రిబంధము, పేరు చివరనున్నది ఈత్వము. కావుననే ఏటేట ఎందఱో విద్యార్థులు దానిని ఆల్కీన్ల వరుసలో వ్రాయుచుందురు. ఈథైన్ యౌగికము, ఎసిటిలీన్ రూఢము అని సంస్కృత వ్యాకరణ పరిభాషలో ఒక్క మాట చెప్పినచో ఆ చిక్కు విడిపోవును. కార్బైడు గడ్డపై నీరు పడినప్పుడు వెలువడునది, వెల్డింగు దుకాణమున ఇనుమును కరగించు జ్వాలకు ఇంధనమైనది ఈ వాయువే. దానిని ఈథైన్ అని పిలుచు పనివానిని నేను ఎన్నడును చూడలేదు. అంతర్జాతీయ రసాయన శాస్త్ర సమాఖ్యయే తన 2013 నాటి సిఫారసులలో ఎసిటిలీన్ అను పేరునే ఆ వాయువునకు వరణీయముగా నిలిపినది. కాగా ఎసిటిలీన్ అని వ్రాసిన విద్యార్థికి మార్కు తగ్గించు ఉపాధ్యాయుడు శాస్త్రమునకన్న అధిక శాస్త్రీయుడు కాబోయి పొరబడుచున్నాడు.

పరీక్షాపత్రములు కూర్చువారికి నా విన్నప మొక్కటే: పేరును అడుగుట తగ్గించి, విగ్రహవాక్యమును అడుగుడు. మీథైన్ అను పేరు ఏల లేదని అడుగుడు. ఒంటరి కార్బనుకు త్రిబంధముతో పట్టుకొనుటకు రెండవ కార్బను లేదని చెప్పిన బిడ్డకు పూర్తి మార్కు లిండు.

ఒకప్పుడు ఒక గ్రామీణ పాఠశాలలో ఈ విధముగా రెండు దినములు పాఠము చెప్పి, మూడవ దినమున పుస్తకములో లేని పెంట్-1-ఈన్-4-ఐన్ అను పేరును నల్లబల్లపై వ్రాసితిని. వెనుక వరుసనున్న ఒక బాలిక వచ్చి ఐదు కార్బనులను వరుసగా వ్రాసి, ఒక కొనను రెండు గీతలు, ఆవలి కొనను మూడు గీతలు గీచి, క్షణమాలోచించి, "ఎటునుంచి లెక్కబెట్టినా ఒకటీ నాలుగే వస్తున్నాయి గదండీ, మరి ఒకటి రెండుగీతలదానికే ఎందుకిచ్చారు?" అని అడిగెను. సంఖ్యలు సమమైనప్పుడు ద్విబంధమునకు చిన్న సంఖ్య ఈయవలెనను నియమమును నేను ఆనాటికి చెప్పియుండలేదు.