ఒకవైపు వలపు

చలనచిత్రగీతములలో అసభ్యత మితిమీరినదని మన దేశమున నడుమనడుమ కలకలము పుట్టుచుండును. 2025 మార్చి నెలలో తెలంగాణ మహిళా కమిషనువారు, నృత్యములలో స్త్రీలను కించపరచు భంగిమలను మానుకొనవలసినదని చిత్రసీమవారికి హెచ్చరిక పంపిరి. ఆ నెల తుదిని విడుదలయైన ‘రాబిన్‌హుడ్’ చిత్రమునుండి విమర్శల పాలైన యొక భంగిమను తొలగించిరి. ఆక్షేపించినవారు సంతోషించిరి, ఆక్షేపింపబడినవారును ఊపిరి పీల్చుకొనిరి. ఇంత చవుకగా తీరిన తగవు మరియొకటి యుండునా? మేము మాత్రము సంతోషింపజాలకున్నాము. కత్తెర నడుముకడనే యాగినది. పలుకుల జోలికి పోలేదు. రోగము పలుకులో నున్నది.

శృంగారమను మాట వినగానే చెవులు మూసికొను శిష్టులలో మేము చేరినవారము గాము. కాళిదాసును, శ్రీనాథుని పిల్లలకు చెప్పి పొట్టపోసికొనుచున్న వారము. మన యాలంకారికులును అంత పిరికివారు గారు. వారు అశ్లీలదోషమును మూడు తెఱగులుగా జెప్పిరి: సిగ్గు గొలుపునది, రోత గొలుపునది, అమంగళమును స్ఫురింపజేయునది. నేటి విమర్శకులు మొదటిదానినే యెఱుగుదురు. కాని మాకు ముఖ్యమైన సూత్ర మింకొకటి కలదు. మన పొరుగుననున్న కళింగమున పదునాలుగవ శతాబ్దిలో సాహిత్యదర్పణమును రచించిన విశ్వనాథుడు, వలపు ఇరువురియందు నుండక యొక్కరియందే యున్నచో అది శృంగారము గాదనియు, శృంగారాభాసమనియు నిర్ణయించెను. అనగా శృంగారము వేసికొన్న దొంగవేషమన్నమాట.

ఈ గీటురాతిపై మన పాటలను గీచి చూడుడు. పిల్ల త్రోవను బోవుచుండును. వాడు అడ్డగించును. ఆమె వలదనును. ఆ వలదనుటయే ఔననుటకు నాంది యని పల్లవి వాదించును. చెంగు లాగుట చనవు, వెంటబడుట తపస్సు, బెదరించుట ప్రేమాధిక్యము. కడపటి చరణమునకు వచ్చుసరికి ఆమె వానితో గూడ నాడుచుండును. ఆమె మనసు ఎప్పుడు మారెనో, ఏల మారెనో కవి చెప్పడు. అట్టి మనస్సొకటి ఆమెకు గలదని ఆతనికి తోచినగదా! ఇట్టి పాటలో నాయిక నిలువెల్ల పట్టుచీర గప్పుకొని గుడిమెట్లపై నిలిచినను దోషము దోషమే. ఆమె కోరిక ఆమె నోట వచ్చిన పాటలో బట్ట కొంచెము తగ్గినను మాకు పేచీ లేదు.

ఈ విషయమున మన నిషేధముల చరిత్ర మిక్కిలి విచిత్రమైనది. 2021 డిసెంబరులో ‘పుష్ప’ చిత్రముతో నొక పాట వచ్చినది. స్త్రీ యే వేషమున నున్నను మగవాని కంటిదోషము మారదని దాని భావము. దానిని చిత్రించినతీరు మరల ఆ కంటికే విందు చేయుట వేరుమాట. అంతవరకు వేలకొలది పాటలలో ఆడుదానిని పండుతోను, పిట్టతోను, బండితోను పోల్చుచుండగా నిమ్మకు నీరెత్తినట్లున్న దేశమున, పురుషుల సంఘమొకటి యీ పాటను నిషేధింపుమని న్యాయస్థానము నాశ్రయించినట్లు పత్రికలలో జూచితిమి. నొప్పి యెవరికి గలిగిన వైద్యుడు వచ్చునో దీనినిబట్టి తెలిసికొనవచ్చును.

ఇంతకుముందటి కథ యింకను చేదు. తంజావూరి ప్రతాపసింహుని యాస్థానమున నుండిన ముద్దుపళని పదునెనిమిదవ శతాబ్దిలో ‘రాధికాసాంత్వనము’ రచించెను. రాధ తన చేతులార కృష్ణునికి ఇళతో పెండ్లిచేసి, పిదప వేగిపోవుటయు, కృష్ణుడు వచ్చి ఆమె నోదార్చుటయు అందలి కథ. బెంగుళూరు నాగరత్నమ్మ దానిని పరిష్కరింపగా 1910లో వావిళ్లవారు ప్రకటించిరి. మరుసటియేడే దొరతనమువారు అసభ్యమని దానిని పట్టుకొనిరి. అంతకుముందే, మేము మిగిలిన విషయములలో చేతులెత్తి మ్రొక్కు వీరేశలింగం పంతులుగారు, ఇట్టివి స్త్రీల నోట రాదగినవి కావని యీ కవయిత్రిని నిందించియుండిరి. నీతి స్త్రీలకేనా, పురుషకవులకు లేదా యని నాగరత్నమ్మ యడిగిన ప్రశ్నకు నేటికిని సమాధానము రాలేదు. ప్రకాశం పంతులుగారు మద్రాసు ప్రధానిగా నున్న 1946-47 కాలమున గాని ఆ నిషేధము తొలగలేదు. వలపు ఇరువైపుల నున్న కావ్యమునకు ముప్పదియైదేండ్ల చెఱ! ఒకవైపు వలపునకు వీథివీథిని ధ్వనివిస్తారకములు! ఇది చూచిన పిమ్మట మాకు కత్తెరపై నమ్మకమేల కలుగును?

ప్రజలు కోరుచున్నారు, మేమిచ్చుచున్నాము అని పాటల వర్తకులు చెప్పుదురు. వారిని విశాఖపట్టణమునుండి రెండుగంటల ప్రయాణముచేసి వరాహనదీతీరమున నున్న ఏటికొప్పాకకు రమ్మనుచున్నాము. 2022కు ముందు ఆ యూరు మా జిల్లాలోనిదే. నేడు అనకాపల్లి జిల్లాలోనిది. అచట అంకుడుకఱ్ఱను తరిణెపట్టి, తిరుగుచున్న కఱ్ఱపై రంగులక్కను అదిమి, ఆ రాపిడివేడికే కరగి యంటుకొనునట్లు బొమ్మలు చేయుదురు. ఒకప్పుడు రసాయనపు రంగులు చవుకగా దొరకి, ఆ పాత రంగుల విద్యను మూలకు నెట్టినవి. కొనువారు వలదనలేదు, తళతళ యెవరికి జేదు? కాని బొమ్మను పిల్లవాడు నోటబెట్టుకొనును. ఆ యొక్క సంగతి తలచి సి.వి. రాజుగారును, ఊరి పనివారును పసుపు, నీలి మొదలగు చెట్లరంగులకు మరలిరి. బేరము చెడలేదు. 2017లో ఆ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు కలిగినది. 2023లో రాజుగారికి పద్మశ్రీ వచ్చినది. 2025 గణతంత్రదినమున ఢిల్లీ వీథిలో ఆంధ్రప్రదేశ్ శకటముపై ఆ బొమ్మలే యూరేగినవి. బొమ్మ నోటబెట్టుకొను బిడ్డను తరిణెపనివాడు తలచెను. పాటను చెవిలో బెట్టుకొని నిదురించు బిడ్డను గీతకర్త యేల తలపరాదు? ఆతని పనిముట్టు ఉలికంటె మెత్తనిదా?

స్త్రీలు తమ పాట తాము కట్టుకొన్నపు డెట్లుండునో మనవారు ఎఱుగనిది కాదు. ‘ఊర్మిళాదేవి నిద్ర’ను మా అమ్మమ్మల తరము కంఠస్థముగా పాడిరి. పదునాలుగేండ్ల నిద్రనుండి లేచిన ఊర్మిళ, తన గదిలోనికి వచ్చిన పురుషుని గుర్తింపక గద్దించును. ఆ గద్దింపు విని లక్ష్మణుడంతటివాడు తానెవరో చెప్పుకొనవలసి వచ్చెను. పెండ్లాడిన మగడైనను ఆమె ఔనన్న పిదపనే. ఈ రచయిత్రుల పేరులు మనకు మిగులలేదు గాని, రసాభాసమును గూర్చి విశ్వనాథునితో వాదింపగలవారే వారు.

నేడు స్త్రీకి పాడుటకు కంఠమున్నది, వ్రాయుటకు చేయి లేదు. మా పొరుగున విజయనగరమున పుట్టిన సుశీలగారు 17,695 పాటలు పాడినట్లు 2016లో గిన్నిసు గ్రంథము నమోదుచేసినది. ఆ గొంతు పలికిన పడుచుదనము, విరహము, అమ్మతనము, ఇవి యన్నియు దాదాపుగ మగవారు వ్రాసియిచ్చినవే. ఆడువారు వ్రాసినవి అందెన్ని?

చేయి వచ్చినచో నేమగునో నెల్లూరుజిల్లా చూపినది. 1990 తరువాతి యక్షరాస్యతోద్యమమున వయోజనుల వాచకములో ‘సీతమ్మకథ’ యను పాఠముండెను. సారాదుకాణమును మూయించిన పల్లెస్త్రీల కథ యది. దూబగుంట స్త్రీలు కూడబలుక్కొని చదివి, పుస్తకము మూసి, తమ యూరి దుకాణము మూయించిరి. 1992లో జిల్లా యెల్ల రగిలెను. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతట సారా నిషేధింపబడెను. (సంపూర్ణమద్యనిషేధము 1995లో వచ్చి 1997లో సడలినది, ఆ కథ వేఱు.) ఒక పాఠములో తమవంటి యాడుదానిని, వలదన్నచో వలదనియే యర్థమగు దానిని, చూచినందుకే యింత జరిగినది.

మా పట్టణమునకు వచ్చు చిత్రములవారు సముద్రతీరపు బాటను, భీమునిపట్టణమును, అరకులోయను తనివిదీర చిత్రించుకొని పోవుదురు. తెల్లవారకముందే చేపలరేవున వేలముపాటలో బిగ్గరగా ధర పలికి, గంప నెత్తికెత్తుకొని పోవు జాలారిస్త్రీ వారి పాటలో నెన్నడును నాయిక కాలేదు. కనబడినను పరిహాసమునకే. ఆమె కూతుండ్రు మా తరగతులలో నున్నారు. వ్యాసము వ్రాయుమన్నచో వారు ‘స్త్రీవిద్య యొక్క ఆవశ్యకత’ను పొల్లుపోక అప్పజెప్పుదురు, అందు విద్య యుండును, స్త్రీ యుండదు. నిన్న మీ అమ్మ యేమిచేసినదో వ్రాయుడని మే మొకనాడు చెప్పితిమి. ఒక బాలిక అరపుట వ్రాసినది. కవళ్లు, కానాగంతలు, మంచు కరగకముందే అమ్ముకొను తొందర, అప్పువానితో తగవు. అందు మేమెఱుగని మాటలు పది యుండగా అర్థములడిగి తెలిసికొంటిమి.

పాఠశాలల వార్షికోత్సవములలో ఎనిమిదేండ్ల పసికూనలచేత, పెద్దలు వినుటకే సిగ్గుపడదగిన పాటలకు చిందులు వేయించి, తల్లిదండ్రులు చరవాణులెత్తి చిత్రములు తీయుట నేడు ఆచారమైనది. కమిషనువారి హెచ్చరిక యీ వేదికలకెక్కదు. ఎక్కింపవలసినవారము ఉపాధ్యాయులము. మా తరగతి బాలికలు ఈ యేడు సినిమాపాట వలదనిరి. చేపలరేవునుగూర్చి తామే యొక పాట కట్టుచున్నారు. రెండు చరణములైనవి, పల్లవి యింకను కుదురలేదు.